బంక మేడమ్

రైల్వే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నా చేతులకు గ్లౌజులు ఉన్నాయి. పేషెంటు కాలు నా ముందర స్టూలు మీద ఉంది. ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది. వార్డు ఆయమ్మ తీసి నా చెవికి ఆనించింది.

"ఎవరో మేడమ్ అమ్మా, ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. పలకడం లేదు. ఆమె ఫోన్లో ఆఖరుకు మాట్లాడిన నంబరు నీదే ఉంటే చేసినా" అన్నాడు అవతలి మనిషి. స్టేషన్లో టీ అమ్మేటాయన. ఫోనుకు లాక్ పెట్టుకునే ఓపిక కూడా ఆమెకు లేదు కాబట్టి సరిపోయింది.

అంతకు కొంచెం ముందే నాతో మాట్లాడింది. "పిల్లా, ఆ లారీ డ్రైవరు తొడ మీది పుండుకు నిన్న కట్టిన గుడ్డ పొద్దుటికి ఎండిపోయిందా, తడిగానే ఉందా?" అని అడిగింది. "పైన ఎండింది గానీ..." అని నేను అంటా ఉండగానే పెట్టేసింది. ఎప్పుడూ అంతే. ఏ జవాబైనా సగమే వినేది. మిగతా సగం కోసం సాయంత్రం స్కూటీ వేసుకుని తానే వచ్చేది.

తలలో నరం చిట్లిందన్నారు. ఒంగోలు తీసుకుపోతా ఉంటే దారిలోనే పోయింది. నలభై దాటి ఎంతో కాలం కూడా కాలేదు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. గదిలోకి ఎవరన్నా చెప్పుల చప్పుడుతో విసవిసా వస్తే ఇప్పటికీ తల తిప్పి చూస్తా. ఒకచోట నెమ్మదిగా కూర్చుని ఆమెను తలుచుకుందామంటే నాకు కుదరడం లేదు. ఒకటి గుర్తొస్తుంది, దాన్ని పూర్తిగా చూసేలోపల ఇంకొకటి వస్తుంది. కాబట్టి వచ్చింది వచ్చినట్టు చెప్పుకుంటా పోతాను.

మార్కాపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నేను నర్సును. డ్రెస్సింగ్ గది నాది. పలకరాయి కోసే పని దగ్గర చేతులు కోసుకున్నవాళ్లు, మోటారు సైకిలు పొగ గొట్టానికి పిక్క కాలినవాళ్లు, అందరికంటే ఎక్కువగా షుగరు పుండ్ల వాళ్లు. ఆమె మార్కాపురం బయట ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేది. మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు తల మీద హెల్మెట్ కూడా తియ్యలేదు.

"నువ్వేనా కట్లు కట్టేది?"

"నేనే. మీరెవరు మేడమ్?"

"కట్టడం కాదు, విప్పడం చూడాల నేను. మీ డాక్టరు గారిని అడిగొచ్చినాలే. కానియ్యి, నీ పని నువ్వు చెయ్యి."

అప్పుడు నా ముందర ఒక ఆడమనిషి ఉంది. పొయ్యి దగ్గర నూనె పడి ముంజేయి కాలింది. ముందురోజు కట్టిన గాజ్ గుడ్డ అంటుకుపోయింది. సెలైన్ నీళ్లు పోసి, కాసేపు నానబెట్టి, అంచు పట్టుకుని మెల్లగా లాగినా. అయినా సగం దూరం పోయేసరికి పట్టేసింది. ఆ మనిషి బల్ల అంచును పట్టుకుని, "అమ్మో, ఆగమ్మా, ఆగు" అని అరిచింది. గుడ్డ వచ్చిన చోట ఎర్రగా రక్తం చుక్కలు తేలినాయి.

గదిలోకి ఎవరొచ్చినా పుండు వైపు చూస్తారు, లేకపోతే మొహం తిప్పుకుంటారు. ఈమె పుండును ఒక్కసారి చూసి, అక్కడి నుంచి ఆ మనిషి మొహమే చూస్తా నిలబడింది. కట్టు కట్టి పంపించినాక నా వైపు తిరిగింది.

"కొత్తగా వస్తా ఉన్న చర్మం నీ గుడ్డతో పాటు ఊడొచ్చింది. చూసినావా?"

"చూస్తానే ఉంటా మేడమ్. రోజూ చూసేదే."

"అంటుకోకుండా నూనె గుడ్డలు వస్తాయి కదా?"

"వస్తాయి. కొనగలిగిన వాళ్లకు పెడతాం. సమయానికి మార్చకుండా ఎండిపోతే అవి కూడా పట్టుకుంటాయి."

"తర్వాత?"

తర్వాత ఏముంది, నాకు అర్థం కాలేదు. అది ఆమె ఊతపదమని పోనుపోను తెలిసింది. ఎవరు ఏం చెప్పినా, చెప్పడం అయిపోయినా సరే, "తర్వాత?" అనేది. మనం చెప్పింది చాల్లేదని కాదు. ఆమె మనసు అప్పటికే ముందు మెట్టు మీద ఉండేది.

"ఆ తీసిన గుడ్డ నాకియ్యి, తీసుకుపోతా" అంది.

"ఇయ్యకూడదు. ఆసుపత్రి చెత్తకు పెట్టిన పసుపు సంచిలో వెయ్యాల. బయటికి పోగూడదు."

"సరే" అని ఆ పసుపు సంచి దగ్గర వంగి, హెల్మెట్ తోటే లోపలికి తొంగి చూసింది. మా ఆయమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

ఆ రోజు నుంచి వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేది. కుర్చీ ఇస్తే బ్యాగు దాని మీద పెట్టి తాను నిలబడేది. టీ తెప్పిస్తే అటూ ఇటూ తిరుగుతా తాగేది. స్కూటీ తాళం చూపుడు వేలికి తగిలించి తిప్పుతా ఉండేది. అది ఎగిరి సామాన్ల ట్రేలో పడితే నేను మళ్లీ అన్నీ ఉడకబెట్టుకోవాల్సి వచ్చేది. తిట్టేదాన్ని. "తప్పే, తప్పే" అని చెంపలేసుకుని, రెండు నిమిషాలకు మళ్లీ తిప్పేది. కొన్నాళ్లకు నాకు ఆమె అక్క అయింది. ఆమెకు నేను మొదటి రోజు నుంచే పిల్ల.

పెళ్లెందుకు చేసుకోలేదక్కా అని ఒకసారి అడిగినా. "పెళ్లిచూపుల్లో అరగంట తల వంచుకుని కూర్చోమన్నారు. కుదరలేదు" అంది. నిజమో, నన్ను తప్పించుకోడానికి అన్నదో తెలీదు.

కాలేజీలో పిల్లలు ఆమెను బంక మేడమ్ అనేవాళ్లు. ఆమెకూ తెలుసు. జిగురుగా ఏది కనిపించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసి, వెలుతురుకు పట్టి చూసేది. మిఠాయి కొట్టు ముందర నిలబడి జిలేబీ పాకం. మా ఇంట్లో బెండకాయ. తుమ్మ బంక, వేప బంక, మునగచెట్టు బంక. పోగు తెగిపోతే, "నీకంత లేదులే" అని దానికే చెప్పేది. ఒక పెళ్లి బంతిలో విస్తరి ముందర కూర్చోకుండా వంటాయన దగ్గర నిలబడి బెల్లం పాకంలో వేలు పెట్టబోతే, ఆయన గరిటె ఎత్తినాడు. ఈమె వెనక్కి తగ్గకుండా, "అన్నా, ఏ పాకం దగ్గర దించుతావు? తీగ ఎంత పొడుగు సాగితే దించుతావు?" అని అడిగింది. ఆయన గరిటె దించి చెప్పడం మొదలుపెట్టినాడు. సగం విని వెళ్లిపోయింది.

ఆమెది యర్రగొండపాలెం అవతల అడవి అంచున ఒక చిన్న ఊరు. మేకలు కాసుకునే ఇల్లు. నాయన చిన్నప్పుడే పోయినాడు, తల్లి ఇప్పటికీ మేకల వెంట తిరుగుతుంది. నల్లమలలో తపసి చెట్లుంటాయి. తెల్లటి బెరడు, ఎండాకాలంలో ఆకు రాలి ఎముకల మాదిరి నిలబడతాయి. చెంచులు ఆ బెరడుకు గాటు పెట్టి, కారి గడ్డకట్టిన బంకను ఏరి అమ్ముతారు. పిడికెడు బంక నీళ్లలో వేస్తే తెల్లారేసరికి గిన్నె నిండా ఉబ్బుతుంది. ఆమె పని ఆ బంకతో.

"ఇది నీళ్లు తాగుతుంది పిల్లా. పుండు ఊరికే నీరు కారుస్తా ఉంటుంది కదా, ఆ నీటిని ఇది తాగాల. తాగి మెత్తగా ఉండాల. నువ్వు విప్పితే జారి చేతికి రావాల. అంతే నేను అడిగేది."

అంతే అని ఆమె అనేది గానీ, ఆ అంతే కోసం ఏళ్లు పోయినాయి. ఒక మధ్యాహ్నం నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని కాలేజీకి లాక్కుపోయింది. చిన్న గది. ఒక పక్క గాజు పెట్టె. అందులో సిరంజి, సిరంజి సూదికి కరెంటు తీగ. సూదికి ఎదురుగా జానెడు దూరంలో అల్యూమినియం కాగితం చుట్టిన డబ్బా ఒకటి మోటారుతో తిరుగుతా ఉంది. శుద్ధి చేసిన బంకను ఇంకో మందుతో కలిపి సిరంజిలో పోసింది. "దగ్గరికి రావద్దు, చేతులు వెనక పెట్టుకో" అని స్విచ్ వేసింది.

సూది కొన మీద చుక్క ఒకటి వచ్చి ఆగింది. కిందికి జారలేదు. మొన తేలి, ఎదురుగా ఉన్న డబ్బా వైపుకు గుంజుకుంది. ఆ మొన నుంచి ఏదో బయలుదేరింది, కంటికి ఆనలేదు. ఆమె వెనకనుంచి టార్చి కొడితే అప్పుడు కనిపించింది. వెంట్రుకను ఎన్ని చీలికలు చేస్తే అంత సన్నం అవుతుందో, అట్లాంటి పోగు, గాలిలో సుడులు తిరుగుతా పోయి డబ్బాకు చుట్టుకుంటా ఉంది. చాలాసేపటికి కాగితం మీద తెల్లటి పొర పేరుకుంది. కోడిగుడ్డు పెంకు లోపల ఉండే పొర తీసినట్టు గోటితో అంచు లేపి, తీసి నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు.

"బాగుందక్కా!" అన్నా.

"ఏం బాగుంది?" అని దాని మీద ఒక నీటి చుక్క వేసింది. చుక్క పడిన చోట పొర కరిగి, మళ్లీ బంకయిపోయింది. "ఇది పుండు మీద పెడితే పొద్దుటికి జావ. నీ గుడ్డే నయం." ఆ పొరను ఉండ చుట్టి బుట్టలోకి విసిరింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

వానాకాలం వస్తే గాలిలో తేమకు పోగు సరిగ్గా రాదు, మధ్యమధ్యలో పూసలు కడుతుంది. ఎండాకాలం వస్తే కరెంటు పోతుంది, సగం చుట్టిన పొర పనికిరాకుండా పోతుంది. పోగు ఎట్ల వచ్చిందో పెద్ద మైక్రోస్కోపులో చూడాలంటే గుంటూరు పంపించాల, ఫొటో వచ్చేదాకా ఎదురుచూడాల. ఎదురుచూడటం ఒక్కటే ఆమెకు చేతకాని పని. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి ఊరికే వచ్చేది, కారిడార్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. పిల్లల్ని కాలేజీలో తిట్టి వచ్చి, మళ్లీ వాళ్లకే మిరపకాయ బజ్జీలు కట్టించుకుని పోయేది.

ఒకసారి బంక కోసం యర్రగొండపాలెం పోతా నన్నూ రమ్మంది. దారిలో స్కూటీ పంక్చరైంది. పంక్చర్ వేసే మనిషి భోజనానికి పోయినాడు. ఆయన వచ్చేదాకా రోడ్డు పక్క కానుగ చెట్టు కింద ఆగినాం. ఆమె పది అడుగులు ఇటు, పది అడుగులు అటు. తిరిగి తిరిగి, ఉన్నట్టుండి ఆగి, చుడీదార్ ప్యాంటు అంచు మోకాలి దాకా లేపింది. పిక్క నిండా పాత మచ్చ. చర్మం ముడతలు పడి మెరుస్తా ఉంది.

"గంజి పడింది. అప్పుడు నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. కాలింది నాకు సరిగ్గా గుర్తులేదు. కట్టు మార్చడం గుర్తుంది. మా అమ్మ నన్ను చంకనేసుకుని బస్సెక్కించేది. ఆసుపత్రి గేటు కనపడగానే ఏడుపు మొదలు. కాంపౌండరు మంచోడే పాపం, బిస్కెట్లు ఇచ్చేవాడు. ఇచ్చి, గుడ్డ పీకేవాడు. నేను అరిస్తే మా అమ్మ నా నోరు తన భుజానికి అదుముకునేది. ఆమె రవికె మీద నా పళ్ల గాట్లు ఉండేవి."

"తర్వాత?" అన్నా నేను, ఆమె మాటే.

నవ్వింది. "తర్వాత ఏంది, మానింది. మచ్చ మిగిలింది." ప్యాంటు అంచు దించి, పంక్చర్ కొట్టు వైపు చూసింది. "ఈ మనిషి అన్నం వండుకుని తింటున్నాడా ఏంది?"

మా నాయన సంగతి చెప్పాల. అది చెప్పకుండా ఆమెను చెప్పినట్టు కాదు.

మాది తర్లుపాడు దగ్గర ఊరు. నాయనకు కంది చేను ఉంది, కొంచెం మిరప. షుగరు చాలా ఏళ్ల నుంచి ఉంది. కాళ్లకు స్పర్శ తక్కువ. చేలో ఏదో గుచ్చుకుని బొటనవేలి కింద పుండు పడింది. ఆయనకు తెలిసేసరికే లోపలికి పోయింది. నేను ఇంటికి తెచ్చిపెట్టుకుని రోజూ కట్టు మార్చేదాన్ని. అడుగున స్పర్శ లేకపోయినా పైకి పాకిన చోట ప్రాణం పోయేంత నొప్పి. పరాయి పేషెంట్లకు ధైర్యం చెప్పే నేను, ఆయన తువాలు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగితే గుడ్డ లాగడం సగంలో ఆపేసేదాన్ని.

అప్పటికి అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఒక మందు ఆవిరి పట్టిస్తే పొర నీళ్లలో కరగడం లేదు. నా కళ్ల ముందరే గ్లాసు నీళ్లలో వేసి చూపించింది. ఉబ్బింది, మెత్తగా నిలబడింది, కరగలేదు. ఆ రోజు ఆమె సంతోషం చూడాల్సింది. గదంతా తిరిగింది.

అందుకని అడిగినా. "అక్కా, నాయనకు ఆ పట్టీ పెడదాం."

మా వరండాలో నిలబడి ఉంది. తాళం తిప్పడం ఆపింది.

"పెట్టకూడదు పిల్లా."

"ఎందుకు? కరగడం లేదని నువ్వే చూపిస్తివి కదా."

"కరగకుండా చేసిన మందు మంచిది కాదు. లోపల కాస్త మిగిలినా కొత్త చర్మాన్ని బతకనియ్యదు. కడిగినా. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో పరీక్షకు పంపినా. రాలేదు ఇంకా."

"ఎప్పుడొస్తుంది?"

"తెలీదు."

నాకు కోపం వచ్చింది. "నీ కాలికి గుడ్డ పీకినప్పుడు ఎట్ల ఉండిందో చెప్పినావు కదక్కా. లోపలికొచ్చి చూడు, మా నాయన ఎట్ల ఉన్నాడో."

లోపలికి వచ్చింది. నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మా మాటలు విన్నాడు.

"పాపా, నా కాలే కదా. ఎట్ల చూసినా పోయే కాలే. పెట్టి చూడు. మానితే మానుతుంది, లేకపోతే నీకు ఒకటి తెలిసొస్తుంది" అన్నాడు అక్కతో.

ఆమె బయటికి పోయింది. స్కూటీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. కోపమొచ్చి పోయిందనుకున్నా. చాలాసేపటికి మళ్లీ వచ్చింది. చేతులు ఖాళీ. మొహం చెమటతో తడిసిపోయింది.

"పెదనాయనా, నేను పెట్టను. నీ కాలు నా పరీక్షకు కాదు" అంది. నా వైపు తిరిగి, "ఇది పట్టీతో పోయేది కాదు. వేలు నల్లబడతా ఉంది చూడు. రక్తం అందడం లేదు. గుంటూరు తీసుకుపో. రేపు కాదు, ఈరోజే. కారు మాట్లాడినా, సందు చివర ఉంది" అంది.

మమ్మల్ని వదిలించుకుంటా ఉందనే అనుకున్నా. అయినా పోయినాం. గుంటూరులో నాయన పాదంలో ముందు సగం తీసేసినారు. ఇంకా ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదన్నారు. ఆ మాట నా చెవిన పడింది గానీ, ఆ రోజుల్లో లోపలికి దిగలేదు. నా తండ్రి పాదం పోయింది. ఆమె దగ్గర గాజు పెట్టెలో పట్టీ ఉంది. నాకు అంతవరకే కనపడింది. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆసుపత్రికి వస్తే పేషెంటు ఉన్నారని చెప్పించినా.

రెండు నెలలు పోయినాక ఒక ఆదివారం మా గేటు ముందర స్కూటీ ఆగింది. లోపలికి రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది. నేనే పోయినా.

"రిపోర్టు వచ్చింది పిల్లా."

నేను గేటు గడియ తియ్యలేదు.

"ఆ బ్యాచ్ పొర మీద చర్మం కణాలు పెంచి చూసినారు. అన్నీ చచ్చిపోయినాయి. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆమె మొహం చూసినా. నేను చెప్పింది నిజమైంది చూడు అనే మొహం కాదు అది. భయపడిన మొహం.

"ఆ రోజు నేను పట్టీ తెద్దామనే పోయినా. మీ నాయన మాట విన్నాక నా వల్ల కాలేదు. కాలేజీకి పోయి, గది తాళం తీసి, డబ్బా చేతిలోకి తీసుకున్నా. బ్యాగులో పెట్టుకున్నా కూడా. కాలేజీ గేటు దాకా వచ్చినా. పెట్టేదాన్ని పిల్లా. కొంచెంలో పెట్టేదాన్ని."

"మరి ఎందుకు ఆగినావు?"

"తెలీదు. బండి ఆపి నిలబడినా. మళ్లీ వెనక్కి పోయి పెట్టేసొచ్చినా. ఇప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఎందుకు ఆగినానో తెలిస్తే కదా, ఇంకోసారి ఆగగలనని నమ్మకం ఉండేది."

వరండాలోంచి నాయన కేకేసినాడు. "ఎవరమ్మా? పాపనా? ఆడనే నిలబెట్టి మాట్లాడతావేంది, లోపలికి పిలువు." వచ్చింది. ఆయన కట్టు కట్టిన కాలు చూసింది. నాయన కాలు పంచె కిందికి లాక్కుని, "మజ్జిగ తాగుతావా?" అని అడిగినాడు. లోటా మజ్జిగ నిలబడే తాగింది. రిపోర్టు సంగతి ఆయనకూ చెప్పింది. ఆయన విని, "ఐతే ఇప్పుడు ఇంకోటి చూడాల గదా నువ్వు" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ మాట ఆమెను ఎంత తేలిక చేసిందో గానీ, పోయేటప్పుడు గేటు వెయ్యడం మర్చిపోయింది.

ఆ ఇంకోటి నిమ్మ ఉప్పు. షర్బత్‌లో, ఊరగాయల్లో వేసేదే. బంకలో అది కలిపి పోగు తీసి, పొరను ఓవెన్‌లో వేడి పెడితే ఆ విషం మందు అవసరం లేకుండానే కరగడం లేదు. "ఇంత కాలం విషం దగ్గర తిరిగినా, కిరాణా దుకాణంలో ఉంది" అని తనను తాను తిట్టుకుంది. ఎంత కలపాల, ఎంత వేడి పెట్టాల అని తేలేసరికి ఇంకో ఎండాకాలం, ఇంకో వానాకాలం గడిచినాయి. ఎక్కువ వేడి పెడితే అప్పడం మాదిరి విరిగిపోయేది. ఈసారి కణాలు బతికినాయి. కాలేజీలో అనుమతి తీసుకుని ఎలుకల మీద పెట్టి చూసినారు. ఆ రోజు ఫోన్ చేసింది.

"జారి వచ్చేసింది పిల్లా! కింద చర్మం ఎర్రగా, తడిగా, ఒక్క రక్తపు చుక్క లేదు. ఆ ఎలుక మూతి కడుక్కుంటా కూర్చుంది. దానికి తీసినట్టు కూడా తెలీలేదు."

"మనుషులకు ఎప్పుడక్కా?"

మామూలుగా అయితే పెట్టేసేది. ఈసారి పెట్టలేదు. "అన్నీ అయినాక" అంది. "గుంటూరులో కమిటీ ఒప్పుకోవాల. వాళ్లు అడిగేవి అడుగుతారు, మళ్లీ చెయ్యమన్నవి మళ్లీ చెయ్యాల. చేస్తా."

ఆ గుంటూరు బండి కోసమే, పడిపోయిన ఆ పొద్దు స్టేషన్లో నిలబడి ఉంది. బ్యాగులో జిప్ కవర్లలో పొరలున్నాయి. ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి ఇప్పుడు గుంటూరులోనే పరిశోధన చేస్తా ఉంది. ఆ కవర్లు తీసుకుపోయింది ఆ అమ్మాయే. పని ఆగలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, గుడ్డ ఎప్పటికి ఎండుతుంది, నీరు ఎంత కారుతుంది అని నన్ను అడుగుతుంది. నా జవాబు పూర్తయ్యేదాకా వింటుంది. అది నాకు ఇంకా అలవాటు కాలేదు.

పోయిన వారం మధ్యాహ్నం డ్రెస్సింగ్ గది బయట బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముతక చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. చెయ్యికి చుట్టుకున్న గుడ్డ రక్తంతో తడిసి ఎండిపోయింది. దగ్గరికి పోతే గానీ గుర్తుపట్టలేదు. అక్క తల్లి. దినాల నాడు ఒకసారి చూసినా.

"మేకలకు తుమ్మ కొమ్మ కొడతా ఉంటే కంప గీసుకుంది. చాలా లోపలికి దిగింది. మా ఊరి దగ్గర కట్టించుకోవచ్చు గానీ, నువ్వు ఇక్కడుంటావని దాని నోట విన్నా. చూసినట్టు కూడా ఉంటుందని వచ్చినా" అంది.

లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టినా. గుడ్డ తడిపి తీస్తా ఉంటే కళ్లు మూసుకుంది గానీ నోరు తెరవలేదు. కడిగినా. మట్టి తీసినా. డాక్టరు గారు వచ్చి రెండు కుట్లు వేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ రాసి పోయినారు. గీసుకుపోయిన చోట చర్మం లేచిపోయి ఉంది, అక్కడ కుట్టడానికి లేదు. కట్టు కోసం ట్రే దగ్గరికి తిరిగినా.

"దాని పట్టీ వచ్చిందా అమ్మా?" అని అడిగింది వెనకనుంచి.

"ఇంకా లేదు పెద్దమ్మా. గుంటూరులో చేస్తా ఉన్నారు. అక్క దగ్గర చదువుకున్న అమ్మాయే చేస్తా ఉంది. మనుషులకు పెట్టడానికి ఇంకా అనుమతి రావాల."

"ఆ పిల్లకు చెప్పమ్మా, నిదానంగా చేసుకోమని. మాది పుట్టినప్పటి నుంచి అంతే. నడక రాకముందే పరిగెత్తబోయి పడేది. అన్నం ఆరేదాకా ఆగేది కాదు. ఏ పనికన్నా ఒక్క రోజు ఆగి ఉంటే, దాని తల అట్ల అయ్యేదా? దేనికీ ఆగింది లేదమ్మా అది."

"ఆగింది పెద్దమ్మా" అన్నా.

ఆమె నా వైపు చూసింది. గాజ్ గుడ్డ కత్తిరించడం ఆపి, స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నా. నాయన సంగతి చెప్పినా. ఆయన అడిగింది, నేను అన్న మాటలు, అక్క డబ్బా బ్యాగులో పెట్టుకుని గేటు దాకా వచ్చి ఆగింది, మళ్లీ వెనక్కి పోయి పెట్టేసి వచ్చింది, రెండు నెలలకు వచ్చిన రిపోర్టు. పెద్దమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని పూర్తిగా విన్నది.

"మీ నాయన ఎట్ల ఉండాడు ఇప్పుడు?" అని అడిగింది.

"చేనికి పోతా ఉన్నాడు. కర్ర పట్టుకుని, నిదానంగా."

"అట్లనా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెయ్యి నా ముందరికి చాపింది. "కట్టమ్మా. మేకల్ని పక్కింటి వాళ్లకు అప్పజెప్పి వచ్చినా, బస్సు పోతే మళ్లీ సాయంత్రం దాకా లేదు."

నూనె గుడ్డ పెట్టి, పైన గాజ్ వేసి, మరీ బిగించకుండా కట్టినా. వేళ్లు ఆడించమన్నా. ఆడించింది.

"ఎప్పుడు మార్చాల?"

"ఎల్లుండి రా పెద్దమ్మా. నేనే మారుస్తా."

"అప్పుడు నొప్పి చేస్తుందా?"

"చేస్తుంది" అన్నా. "తడిపి, మెల్లగా తీస్తా."

"సరే" అని లేచి, సంచి రెండో చేతికి మార్చుకుని, బస్సు స్టాండు వైపు పోయింది.